సౌర తుఫాను వార్తలో ఏ అంకె చూడాలి? గ్రహశకలం వార్తలో ఏది?

ప్రశ్న: నేను జీపీఎస్ పరికరాలతో స్థలాల సర్వే చేస్తాను. వారానికోసారి ఏదో ఒక హెచ్చరిక ఫోన్‌లోకి వస్తోంది. సూర్యుడి మీద ఎక్స్ తరగతి పేలుడు జరిగింది, ఇంటర్నెట్ ఆగిపోతుందని ఒకటి. స్టేడియం అంత గ్రహశకలం భూమి వైపు దూసుకొస్తోందని ఇంకొకటి. రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు పడతాయి, ఫోన్లు ఆపి దూరంగా పెట్టండని మరొకటి. ఈ చివరిది చదివాక మా అమ్మ రాత్రిళ్లు ఇంట్లో అందరి ఫోన్లూ ఆపించేస్తోంది. మొన్న ఒక సాయంత్రం నా ఆర్‌టీకే రోవర్ (ఒక చోట స్థిరంగా పెట్టిన ‘బేస్’ పరికరం సాయంతో సెంటీమీటర్ల దాకా కొలిచే, వెంట తిప్పే జీపీఎస్ పరికరం) చాలాసేపు ఫిక్స్, అంటే సెంటీమీటర్ల కచ్చితత్వమున్న స్థానం, ఇవ్వలేదు. చివరికి ఇచ్చిన కొలతకూ, మర్నాడు ఉదయం అదే చోట తీసిన కొలతకూ 30 సెంటీమీటర్ల తేడా ఉంది. అది సౌర తుఫాను పనేనా? ఇలాంటి వార్త వచ్చినప్పుడు దేన్ని చూసి నిర్ణయించుకోవాలి? ఈ రెండు రకాల వార్తలకూ ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: ముందు మీ అమ్మగారి భయం తీర్చేద్దాం. కాస్మిక్ కిరణాలు ఏ గంటకా గంట వచ్చిపోయేవి కావు. పగలూ రాత్రీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉంటాయి. మన తల మీదున్న గాలి మొత్తం బరువు దాదాపు 10 మీటర్ల లోతు నీటి బరువుతో సమానం. ఆ మందం వాటిలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. ఫోన్ వాటిని ఆకర్షించదు, పోగుచేయదు. ఆ సందేశంలో ఉన్న వేళలకు ఏ ఆధారమూ లేదు. పైగా రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఫోన్ అందుబాటులో ఉండటం అవసరం. అమ్మగారికి ఈ మాట కూడా చెప్పండి.

సౌర తుఫాను వల్ల ఫోన్ పాడవుతుందా అన్నది కూడా లెక్క వేసి చూసుకోవచ్చు. భూ అయస్కాంత క్షేత్రం వేగంగా ఊగినప్పుడు నేలలో విద్యుత్ క్షేత్రం పుడుతుంది. చాలా తీవ్రమైన తుఫానులో, అదీ ధ్రువాలకు దగ్గరి ప్రాంతాల్లో, అది కిలోమీటరుకు 10 వోల్టుల స్థాయికి చేరవచ్చు. 15 సెంటీమీటర్ల ఫోన్ మీద ఆ లెక్కన పడేది ఒకటిన్నర మిల్లీవోల్టు, అంటే వోల్టులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ. 300 కిలోమీటర్ల విద్యుత్ లైన్ మీదైతే అదే క్షేత్రం 3,000 వోల్టులవుతుంది. ఆ వోల్టేజీ నడిపించే ప్రవాహం దాదాపు ఏకముఖంగా ఉంటుంది కాబట్టి లైన్ చివర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల ఇనుప కోర్ సంతృప్తమై, అవి వేడెక్కి, గ్రిడ్ రక్షణ వ్యవస్థలు సరఫరాను తెంచేస్తాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో జరిగింది ఇదే. గ్రిడ్ రెండు నిమిషాల్లోపే కూలింది, 60 లక్షల మందికి దాదాపు 9 గంటలు కరెంటు లేదు. కాబట్టి సౌర తుఫాను నుంచి మీ ఇంటికి ఏదైనా చేరితే అది కరెంటు కోత రూపంలోనే చేరుతుంది. టార్చి, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు, తాగునీరు సిద్ధంగా ఉంటే చాలు. మామూలు కోతకు చేసుకునే ఏర్పాటే ఇది.

ఇక వార్తల సంగతి. సూర్యుడి గురించైనా, గ్రహశకలం గురించైనా శీర్షికలోకి ఎక్కేది పెద్దగా కనిపించే అంకె: పేలుడు తరగతి, రాయి పరిమాణం, గంటకు ఇన్ని వేల కిలోమీటర్ల వేగం. మన మీద ప్రభావం ఉందో లేదో తేల్చే అంకె వేరే ఉంటుంది. సాధారణంగా అది వార్తలో ఉండదు. అదేమిటో తెలిస్తే మీరు ఎవరినీ అడగక్కర్లేదు.

సూర్యుడి మీద పేలుడు జరిగితే మూడు రకాలవి మన దాకా రావచ్చు, మూడూ వేర్వేరు సమయాల్లో వస్తాయి. మొదటిది సౌరజ్వాల వెలుగు, ముఖ్యంగా ఎక్స్ కిరణాలు. ఇవి 8 నిమిషాల 20 సెకన్లలో చేరతాయి కాబట్టి జ్వాల కనిపించిందంటే ప్రభావం అప్పటికే మొదలైందన్నమాట. రెండోది వేగవంతమైన ప్రోటాన్లు. పదుల నిమిషాల నుంచి కొన్ని గంటల్లో వస్తాయి. ఉపగ్రహాలకూ వ్యోమగాములకూ ధ్రువాల మీదుగా ఎగిరే విమానాలకూ ఇవి ముఖ్యం, మీ పనికి అంతగా కాదు. మూడోది కరోనల్ మాస్ ఇజెక్షన్, అంటే కరోనా అనే సూర్యుడి బయటి పొర నుంచి ఊడివచ్చే అయస్కాంత క్షేత్రంతో కూడిన ప్లాస్మా మేఘం. అతి వేగమైనది 15 నుంచి 18 గంటల్లో రావచ్చు, మామూలుగా ఒకటి నుంచి మూడు నాలుగు రోజులు పడుతుంది. భూ అయస్కాంత తుఫాను తెచ్చేది ఈ మూడోదే.

జ్వాలలకు ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అనే తరగతులున్నాయి. ఒక్కో మెట్టుకూ ఎక్స్ కిరణాల తీవ్రత పది రెట్లు పెరుగుతుంది. ఎక్స్1 వస్తే భూమికి పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో కొన్ని పదుల నిమిషాల పాటు మూగబోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు ముందుగా పోయి ఆలస్యంగా తిరిగొస్తాయి. రాత్రి వైపు ఏమీ కాదు. అయితే జ్వాల తరగతిని బట్టి తుఫాను వస్తుందని చెప్పలేం. 2014 అక్టోబరులో ఏఆర్ 12192 అనే చాలా పెద్ద సూర్యమచ్చల గుంపు ఆరు ఎక్స్ జ్వాలలు ఇచ్చింది, చెప్పుకోదగ్గ ప్లాస్మా మేఘం ఒక్కటీ బయటికి రాలేదు. పైనున్న బలమైన అయస్కాంత క్షేత్రం దాన్ని బయటపడనివ్వలేదు. అందుకే “ఎక్స్ తరగతి పేలుడు” అని చదవగానే వెతకాల్సిన మొదటి విషయం: మేఘం వెలువడిందా, వెలువడితే భూమి దిక్కుగానేనా? సోహో వంటి అంతరిక్ష నౌకల్లోని కరోనాగ్రాఫ్ (సూర్యబింబాన్ని మూసి దాని చుట్టుపక్కల్ని చూపే కెమెరా) చిత్రాల్లో సూర్యుడి చుట్టూ వలయంలా విస్తరించే మేఘం కనబడితే అది మన వైపు రావచ్చు, లేదా సరిగ్గా వ్యతిరేక దిక్కున పోతూ ఉండవచ్చు. జ్వాల సూర్యబింబం మధ్య ప్రాంతంలో పుట్టిందా లేదా అన్నది చూసి ఆ రెండింటినీ విడదీస్తారు. అంచున పుట్టిన జ్వాల మేఘం చాలాసార్లు మనల్ని తప్పించుకుపోతుంది.

మేఘం మన వైపే వస్తోందనుకుందాం. అప్పుడు కూడా తుఫాను ఎంత బలమైనదో రెండు రోజుల ముందు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఎందుకంటే తేల్చేది మేఘంలోని అయస్కాంత క్షేత్రపు ఉత్తర దక్షిణ భాగం, దాన్ని బీజెడ్ అంటారు. బీజెడ్ దక్షిణానికి, అంటే మైనస్‌లో ఉంటే అది ఉత్తరానికి చూసే భూ క్షేత్రంతో ముడిపడి, సౌరగాలి శక్తి లోపలికి వచ్చే దారి తెరుచుకుంటుంది. ప్లస్‌లో ఉంటే గంటల తరబడి వేగంగా వీచినా పెద్దగా ఏమీ జరగదు. దూరం నుంచి దీన్ని కొలిచే దారి లేదు. మేఘం భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్1 అనే బిందువు దగ్గరున్న నౌకల్ని దాటినప్పుడే తెలుస్తుంది. ఏస్, డిస్కవర్ నౌకలున్నది అక్కడే, ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 ఉన్నదీ అక్కడే. అక్కడి నుంచి సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో వచ్చే మేఘానికి 50 నిమిషాలు, 800 అయితే 31 నిమిషాలు, 1,500 అయితే 17 నిమిషాలు పడుతుంది. మనకున్న కచ్చితమైన ముందస్తు సమయం అంతే.

చూడాల్సిన విలువలు ఇవి. బీజెడ్ మామూలు రోజుల్లో సున్నాకు అటూ ఇటూ 5 నానోటెస్లాల్లోపు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) ఊగుతుంది. మైనస్ 10 కన్నా కిందికి దిగి మూడు గంటలు అక్కడే ఉంటే బలమైన తుఫాను ఖాయం. ఒక నిమిషం మైనస్ 15 చూపించి పైకి వస్తే పట్టించుకోనక్కర్లేదు. 2024 మే 10న అది దాదాపు మైనస్ 50 దాకా దిగింది. 2003 అక్టోబరు తర్వాత మొదటి జీ5, అంటే అన్నిటికన్నా పై స్థాయి, తుఫాను అదే. చాలామంది పొరపడేది ఒక చోట ఉంది: మేఘం వచ్చి తాకగానే బీజెడ్ ప్లస్‌లో ఉంటే “తుస్సుమంది” అనుకుని వదిలేస్తారు. మేఘం లోపలి క్షేత్రం మెలితిరిగి ఉంటుంది. మొదటి సగం ఉత్తరానికి, రెండో సగం దక్షిణానికి తిరిగి ఉండవచ్చు. అలాంటప్పుడు తుఫాను ఆరేడు గంటల తర్వాత మొదలవుతుంది. కాబట్టి తాకిన తర్వాత కనీసం ఒక రోజు గమనించండి.

భూ అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలంగా ఉందో చెప్పే కేపీ సూచిక గురించి కూడా తెలుసుకోవాలి. ఇది 0 నుంచి 9 దాకా ఉంటుంది, ప్రతి మూడు గంటలకు ఒక విలువ. తుఫాను స్థాయి దీన్ని బట్టే: 5 దగ్గర జీ1, 6 అయితే జీ2, 7 అయితే జీ3, 8 అయితే జీ4, 9 అయితే జీ5. ఇది జరిగిపోయిన మూడు గంటల లెక్క. అందుకే ముందుచూపుకు బీజెడ్, తర్వాత విచారణకు కేపీ వాడండి. వేళలన్నీ యూటీసీలో ఉంటాయి, మీ గడియారానికి మార్చుకోవడం మరవద్దు. అమెరికాలోని నోవా అంతరిక్ష వాతావరణ కేంద్రం మూడు రోజుల అంచనాను రోజుకు రెండుసార్లు, 00:30కీ 12:30కీ యూటీసీలో ఇస్తుంది. దాని ప్రకటనల్లో మూడు మాటలుంటాయి, వార్తలు మూడింటినీ ఒకే “హెచ్చరిక”గా మార్చేస్తాయి. ‘వాచ్’ అంటే ఒకటి రెండు రోజుల్లో అవకాశం ఉందని. ‘వార్నింగ్’ అంటే ఎల్1 దగ్గర సూచనలు కనిపించాయి, త్వరలో రావచ్చని. ‘అలర్ట్’ అంటే ఆ స్థాయి ఇప్పుడు నడుస్తోందని. వాచ్‌లో చెప్పే రాక సమయం పది గంటలు అటూ ఇటూ కావడం మామూలే.

ఇప్పుడు మీ 30 సెంటీమీటర్లు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే దీనికి కారణం సౌర తుఫానే కానక్కర్లేదు.

జీపీఎస్ సంకేతం అయనోస్ఫియర్, అంటే పై వాతావరణంలో ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్న పొర, గుండా వస్తూ ఆలస్యమవుతుంది. దారిలో ఉన్న ఎలక్ట్రాన్ల మొత్తాన్ని టెక్ యూనిట్లలో కొలుస్తారు. ఒక్క యూనిట్‌కు జీపీఎస్ ఎల్1 ఫ్రీక్వెన్సీ మీద (ఇది పైన చెప్పిన ఎల్1 బిందువు కాదు) 16 సెంటీమీటర్ల దోషం వస్తుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న రోజున మధ్యాహ్నం 100 యూనిట్లుంటే 16 మీటర్లు. మీ ఆర్‌టీకే దీన్ని ఎలా తట్టుకుంటుందంటే, బేస్‌కూ రోవర్‌కూ పైన దాదాపు ఒకే అయనోస్ఫియర్ ఉందన్న ఊహ మీద రెండింటి దోషాన్నీ కొట్టేస్తుంది. ప్రశాంతమైన రోజున మిగిలే తేడా దూరంలో పది లక్షల్లో ఒకటి రెండు వంతులు. 10 కిలోమీటర్ల మీద ఒకటి రెండు సెంటీమీటర్లు. కల్లోలంగా ఉన్న రోజున అది పది వంతులు దాటవచ్చు, అంటే 10 సెంటీమీటర్లకు పైనే. ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. దోషం అందులో సగానికి చేరితే పరికరం పూర్ణ తరంగాల సంఖ్యను తప్పుగా లెక్కపెడుతుంది. తెర మీద ‘ఫిక్స్’ అని ఉంటుంది, కొలత మాత్రం ఒకటి రెండు తరంగాల మేర పక్కకు పోతుంది. మీకొచ్చిన 30 సెంటీమీటర్లు ఈ కొలతకు సరిపోయే అంకె. ఫిక్స్ రాకపోవడం వల్ల సమయం మాత్రమే పోతుంది, తప్పుడు ఫిక్స్ వల్ల హద్దు రాయే తప్పు చోట పడుతుంది. 2024 మే తుఫానులో అమెరికాలో ఆర్‌టీకేతో నడిచే ట్రాక్టర్లు విత్తడం ఆపాల్సి వచ్చింది.

అయితే మీ సంఘటన సాయంత్రం జరిగింది. అయస్కాంత భూమధ్యరేఖకు రెండు వైపులా 20 డిగ్రీల్లోపు ఉన్న ప్రాంతాల్లో సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్ కింది అంచు నుంచి ఎలక్ట్రాన్లు తక్కువగా ఉన్న బుడగలు పైకి లేస్తాయి. వాటి అంచుల్లో సంకేతం మినుకుమినుకుమంటుంది. ఇది రాత్రి ఏడు నుంచి అర్ధరాత్రి దాకా ఎక్కువ, విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు) చుట్టుపక్కల నెలల్లో ఎక్కువ, సౌరచక్రం శిఖరానికి దగ్గరున్న ఏళ్లలో ఎక్కువ. ప్రస్తుత 25వ చక్రం 2019 డిసెంబరులో మొదలై 2024లో శిఖర దశకు చేరింది. ఈ బుడగలకు తుఫాను అవసరమే లేదు. కేపీ 1 ఉన్న రోజున కూడా వస్తాయి. కొన్నిసార్లు తుఫాను వాటిని అణిచేస్తుంది కూడా.

కారణం తేల్చుకోవడానికి ఆ రోజు ఫైలు తెరవండి. ముందు చూడాల్సింది అన్ని బిందువులూ ఒకే దిక్కుకు, ఒకే మేర జరిగాయా అని. జరిగితే సూర్యుణ్ణి వదిలేయండి. బేస్ నిరూపకాలు తప్పుగా ఎక్కించి ఉంటారు, లేదా తేడా ఎత్తులోనే ఉంటే యాంటెన్నా ఎత్తు తప్పు వేసి ఉంటారు. ఆ గంటలో తీసినవే చెదిరి, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు పోతే అయనోస్ఫియర్‌ను అనుమానించండి. అప్పుడు ఆ వేళను యూటీసీలోకి మార్చి కేపీ చూడండి. 5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే తుఫాను. 3 లోపు ఉండి, వేళ సూర్యాస్తమయం తర్వాతదైతే బుడగలు. సంకేత బలం రికార్డు ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: ఆకాశం తెరిపిగా ఉన్నా, మామూలుగా 40 నుంచి 50 మధ్య ఉండే విలువ సెకన్లలో 30 కిందికి పడి లేస్తూ, అది ఆకాశంలో ఒక పక్క ఉపగ్రహాలకే జరిగితే అవి బుడగలే. చెట్టు, గోడ వల్లనైతే ప్రతిరోజూ అదే చోట, అదే దిక్కున అలాగే ఉంటుంది.

ఇకపై చేయాల్సింది: పని మొదట్లో, మధ్యలో, చివర ఒక తెలిసిన కంట్రోల్ పాయింట్ మీద రోవర్ పెట్టి సరిచూడండి. ముఖ్యమైన హద్దు బిందువు దగ్గర ఫిక్స్ వచ్చాక కొలిచి, దాన్ని తెంచి మళ్లీ మొదటి నుంచి ఫిక్స్ తెచ్చుకుని రెండోసారి కొలవండి. కుదిరితే అరగంట ఎడం ఇవ్వండి. ఉపగ్రహాల స్థానాలు మారతాయి కాబట్టి ఒకే తప్పు రెండుసార్లు రావడం అరుదు. వెంటవెంటనే తీసిన పది రీడింగులు ఒకేలా ఉన్నాయంటే ధైర్యం తెచ్చుకోకండి, తప్పుడు ఫిక్స్ కూడా అంతే స్థిరంగా ఉంటుంది. జీ3 దాటిన రోజున బేస్ దూరం ఐదు కిలోమీటర్లలోపు ఉంచండి, 15 డిగ్రీల కిందున్న ఉపగ్రహాలను వదిలేయండి, జీపీఎస్‌తో పాటు గెలీలియో, గ్లోనాస్, బేడౌ వంటి ఇతర ఉపగ్రహ వ్యవస్థలన్నీ తెరిచి పెట్టండి. ముడి డేటా నమోదు చేస్తూ ఉంటే తర్వాత ఆఫీసులో మళ్లీ లెక్క కట్టే వీలుంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ పరికరమైతే ఆ రోజు పని వాయిదా వేయడమే మేలు. వాయిదా కుదరకపోతే టోటల్ స్టేషన్ (కాంతితో దూరాలూ కోణాలూ కొలిచే పరికరం) తీయండి, దానికి అయనోస్ఫియర్‌తో పని లేదు.

గ్రహశకలాలకు వద్దాం. సౌర తుఫానుతో వీటికి సంబంధం లేదు. తుఫాను రాళ్ల దారి మళ్లించదు, రాళ్లు సూర్యుణ్ణి రెచ్చగొట్టవు. ఒకే వారంలో రెండు వార్తలు వస్తే అది కాకతాళీయం. తుఫాను మార్చేది భూమికి దగ్గరగా తిరిగే మన ఉపగ్రహాల దారిని. పై వాతావరణం వేడెక్కి ఉబ్బి, వాటి మీద ఒరిపిడి పెరుగుతుంది. 2022 ఫిబ్రవరిలో అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 అలా పడిపోయాయి. అది పెద్ద తుఫాను కూడా కాదు.

“స్టేడియం అంత రాయి, గంటకు 50,000 కిలోమీటర్ల వేగం” అన్న వార్తలో ఆ రెండు అంకెలూ ఏమీ తేల్చవు. సూర్యుడి చుట్టూ భూమే గంటకు 1,07,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఇలా దాటిపోయే రాళ్ల వేగం మామూలుగానే పదుల వేల కిలోమీటర్లలో ఉంటుంది. చూడాల్సింది దూరం. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ నడిపే దగ్గరి సమీపాల పట్టికలో రాయి పేరు, తేదీ పక్కన రెండు దూరాలుంటాయి. ఒకటి ఎక్కువ అవకాశం ఉన్న దూరం, రెండోది కొలతల అనిశ్చితి అంతా కలిపినా రాగల కనీస దూరం. రెండోది చూడండి. ప్రమాణం చంద్రదూరం, అంటే 3,84,400 కిలోమీటర్లు. కనీస దూరమే 10 చంద్రదూరాలుంటే ఆ రాయి 38 లక్షల కిలోమీటర్ల అవతల పోతుంది, వార్త అక్కడితో ముగిసింది. చంద్రుడికన్నా దగ్గరగా వెళ్లే చిన్న రాళ్లు ఏటా వందకు పైగా కనబడుతున్నాయి. పట్టిక దూరాన్ని భూకేంద్రం నుంచి కొలుస్తుంది కాబట్టి చాలా దగ్గరి వాటికి 6,371 కిలోమీటర్లు తీసేయాలి.

పరిమాణం విషయంలోనూ జాగ్రత్త. టెలిస్కోపుకు తెలిసేది వెలుగు మాత్రమే. నల్లటి పెద్ద రాయీ తెల్లటి చిన్న రాయీ ఒకే వెలుగునివ్వగలవు. వెలుగు అంకె 22 ఉన్న రాయి, దాని ఉపరితలాన్ని బట్టి 105 మీటర్లు కావచ్చు, 240 మీటర్లు కావచ్చు. వార్త ఎప్పుడూ పెద్ద అంకెనే ఎంచుకుంటుంది. “ప్రమాదకరం కాగలది” అన్న ముద్ర కూడా రాబోయే ఢీ గురించి కాదు. కక్ష్య భూకక్ష్యకు 0.05 ఖగోళ ప్రమాణాల్లోపు, అంటే దాదాపు 75 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వచ్చి, రాయి సుమారు 140 మీటర్లకు మించితే ఆ ముద్ర పడుతుంది.

నిజంగా ఢీకొనే అవకాశం ఉంటే ఆ రాయి నాసా నడిపే సెంట్రీ అనే జాబితాలో ఉంటుంది, ముప్పు ఎంతో చెప్పే టొరినో స్కేలు మీద 0 నుంచి 10 దాకా ఒక అంకె ఉంటుంది. దాదాపు అన్నిటికీ అది 0. 2024 డిసెంబరు 27న దొరికిన 2024 వైఆర్4కు 3 వచ్చింది. 2032 డిసెంబరు 22న ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి పెరిగి, ఆ నెలాఖరుకు దాదాపు సున్నాకు పడిపోయింది. అలా పెరిగి పడటంలో వింతేమీ లేదు. రాయి ఉండగల ప్రాంతం మొదట్లో చాలా పొడవుగా ఉంటుంది, భూమి అందులో చిన్న భాగం. కొత్త పరిశీలనలతో ఆ ప్రాంతం కుదించుకుపోతున్నంతసేపూ భూమి ఇంకా అందులోనే ఉంటే దాని వాటా పెరుగుతుంది. ఒక దశలో భూమి ఆ హద్దు బయటికి వస్తుంది, శాతం ఒక్కసారిగా కూలుతుంది. అందుకే పెరుగుతున్న శాతాన్ని చూసి బెంబేలెత్తక, ఇంకో నెల పరిశీలనల కోసం ఆగండి.

ముందే తెలియకుండా వచ్చే చిన్న రాళ్ల గురించి ఒక్క జాగ్రత్త మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద దాదాపు 20 మీటర్ల రాయి 30 కిలోమీటర్ల ఎత్తున పేలింది. అది సూర్యుడి దిక్కు నుంచి రావడంతో ఎవరికీ ముందు కనబడలేదు. దాదాపు 1,500 మంది వైద్యం కోసం వెళ్లారు, ఎక్కువ మందికి తగిలింది పగిలిన అద్దాలు. మెరుపు చూసి కిటికీల దగ్గరికి వెళ్లారు, రెండు నిమిషాల తర్వాత పేలుడు అల వచ్చి తాకింది. శబ్దం లేని పెద్ద మెరుపు ఆకాశంలో ఎప్పుడైనా కనిపిస్తే కిటికీలకూ గాజు తలుపులకూ దూరంగా, లోపలి గోడ పక్కన ఐదు నిమిషాలు ఉండండి. అల ఒకటికి రెండుసార్లు రావచ్చు కాబట్టి మొదటి శబ్దం వినగానే లేచి చూడటానికి వెళ్లకండి.

2029 ఏప్రిల్ 13న సుమారు 350 మీటర్ల అపోఫిస్ భూమి ఉపరితలానికి 32,000 కిలోమీటర్ల దూరంలో, భూస్థిర ఉపగ్రహాల కన్నా దగ్గరగా వెళుతుంది. ఆ ఏడాది మీ ఫోన్‌లోకి వచ్చే హెచ్చరికల్లో ఎక్కువ దాని గురించే ఉంటాయి. 2021 మార్చిలో రాడార్ కొలతల తర్వాత కనీసం వందేళ్ల వరకు అది ఢీకొనే అవకాశం లేదని తేల్చి, సెంట్రీ జాబితా నుంచి తీసేశారు. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో ఆ రాత్రి మబ్బు లేకపోతే దూరదర్శిని అవసరం లేకుండానే కదిలే చుక్కగా కనిపిస్తుంది.